దొరల కోసం పోగేసిన కథలు

1912-13 ప్రాంతంలో మద్రాసు స్కూల్ ఫైనల్ బోర్డు కార్యదర్శి ఒక ఉత్తర్వు జారీ చేశాడు. తెలుగు వ్యాసపరీక్షను విద్యార్థులు కావ్యభాషలో రాసినా సరే, ఆధునిక భాషలో రాసినా సరే అన్నది దాని సారాంశం. ఏ భాష ఎలా ఉంటుందో పిల్లలకూ పంతుళ్లకూ తెలియాలని నమూనాలు కూడా చూపించారు. కావ్యభాషకు పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక. ఆధునిక భాషకు ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర, దాని పక్కనే తాతాచార్ల కథలు. పండితలోకం భగ్గుమంది. సభలు జరిగాయి, ప్రభుత్వానికి వినతులు వెళ్లాయి, పత్రికల్లో ఏళ్ల తరబడి వాదాలు నడిచాయి.

ఆ పోరాటం కథ తెలుగువాళ్లు చాలాసార్లు చెప్పుకున్నదే. ఆధునిక భాషకు నమూనాగా నిలిపిన ఆ రెండు పుస్తకాలు ఎక్కడినుంచి వచ్చాయన్నది మాత్రం అంతగా చర్చకు రాలేదు. వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. చిన్నతనంలోనే ఇంగ్లీషు పట్టుబడి, జీవితమంతా రెండు భాషల నడుమ బతికినవాడు. తాతాచార్ల కథలను అచ్చువేయించింది చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. తెలుగు నేర్చుకునే ఇంగ్లీషువాళ్లు మనుషుల మాట ఎలా ఉంటుందో తెలుసుకోవాలని ఆయన వాటిని సేకరించాడు. అంటే, తెలుగు పిల్లలు తమ మాటలో తాము రాసుకోవచ్చని బడి ఒప్పుకున్ననాడు చూపించడానికి దొరికిన ఉదాహరణల్లో ఒకటి, తెలుగు రానివాళ్ల కోసం తయారైన వాచకం. తెలుగును పరాయివాళ్లకు నేర్పడంలో పడిన తంటాలే తెలుగువాళ్ల బడి తెలుగును మార్చాయి. ఇది యాదృచ్ఛికంగా జరగలేదు. దాని వెనక నూరేళ్ల చరిత్ర ఉంది.

రెండో భాష నేర్పడంలో తెలుగునేలకు అప్పటికే ఒక గట్టి సంప్రదాయం ఉంది. అది సంస్కృతం చదువు. అమరకోశం నోటికి రావాలి, శబ్దమంజరిలోని విభక్తులు వల్లె వేయాలి, ఆ తరువాత రఘువంశం మొదటి సర్గతో కావ్యపాఠం మొదలవ్వాలి. గురువు శ్లోకం చదివి, అన్వయం చెప్పి, ప్రతిపదార్థం తెలుగులో చెప్పేవాడు. ఏళ్లు గడిచేసరికి శిష్యుడి నోట వేల మాటలు నిలిచి ఉండేవి. ఆ పద్ధతిని తేలిగ్గా తీసెయ్యడం అన్యాయం. పుస్తకాలు అరుదైన కాలంలో ఒక మహాసాహిత్యాన్ని తరం నుంచి తరానికి చెక్కుచెదరకుండా అందించింది అదే. అయితే ఆ చదువు లక్ష్యం గ్రంథం. సంతలో బేరమాడడానికో, రైతు గోడు వినడానికో ఎవరూ అమరం వల్లె వేయలేదు.

తెల్లవాళ్లకు కావలసింది సరిగ్గా ఆ బేరమూ ఆ గోడూ.

మొదట్లో వాళ్లకు ఆ అవసరం కూడా రాలేదు. 1611లో మచిలీపట్నంలో ఇంగ్లీషు కంపెనీ కోఠీ పెట్టినప్పటినుంచి నూటయాభై ఏళ్లపాటు దుబాసీలే వాళ్ల నోరూ చెవీ. భాష కోసం నిజంగా కష్టపడినవాళ్లు మిషనరీలు. జర్మనీలోని హాలె నుంచి వచ్చిన బెంజమిన్ షుల్జ్ 1728 నాటికే తెలుగుకు లాటిన్‌లో ఒక వ్యాకరణం రాశాడు. అది అచ్చు మొహం చూడడానికి 1984 దాకా ఆగవలసి వచ్చింది. ఉత్తర సర్కారులు, ఆపైన 1800లో దత్తమండలాలు కంపెనీ చేతికి వచ్చాక సంగతి మారింది. పన్ను వసూలు చేసేవాడు, శిక్ష వేసేవాడు, అర్జీ వినేవాడు ఒకడే అయ్యాడు. ఆ ఒక్కడికి భాష రాకపోతే అధికారమంతా కచేరీలోని గుమాస్తా చేతిలో ఉండేది.

1812లో మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీ పుట్టింది అందుకే. ఇంగ్లండు నుంచి వచ్చిన కుర్రవాళ్లకు అక్కడ దక్షిణాది భాషలు నేర్పి, పరీక్ష పెట్టి, నెగ్గినవాళ్లను జిల్లాలకు పంపేవారు. దాని వెనక ఉన్న మనిషి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్. ఆ కాలేజీలో ఒక గొప్ప విశేషం ఉంది. అది దొరలకు పాఠం చెప్పడంతో ఆగలేదు, పాఠం చెప్పే మున్షీలను కూడా తయారు చేసింది. ఒక భాష తెలిసినవాడు దాన్ని నేర్పగలడన్న భరోసా లేదనీ, నేర్పడం వేరే విద్య అనీ ఎల్లిస్ బృందం గుర్తించిందన్నమాట. ఈ మాట ఇవాళ ప్రతి శిక్షణ కళాశాలలోనూ వినిపిస్తుంది. రెండు వందల ఏళ్ల కిందట అది కొత్త ఆలోచన.

అక్కడ తెలుగు, సంస్కృత శాఖలకు పెద్దగా ఉన్న పట్టాభిరామశాస్త్రి తెలుగు ధాతువుల పట్టిక కూర్చాడు. 1816లో వచ్చిన ఎ. డి. క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి ఎల్లిస్ రాసిన ముందుమాటలో ఆ పట్టిక పెద్ద సాక్ష్యమైంది. తెలుగు సంస్కృతం నుంచి పుట్టిందని అంతకు రెండేళ్ల ముందు శ్రీరాంపూర్‌లో విలియం కేరీ తన వ్యాకరణంలో అన్నాడు. కాదు, తెలుగు, తమిళం, కన్నడం ఒకే కుదురు నుంచి వచ్చాయని ఎల్లిస్ రుజువులతో చూపించాడు. ద్రావిడ భాషలపై కాల్డ్వెల్ రాసిన గ్రంథానికి నలభై ఏళ్ల ముందు ద్రావిడ భాషాకుటుంబం అనే ఊహ అచ్చుకెక్కింది ఒక విద్యార్థి వాచకంలో. పాఠం సులువుగా చెప్పే దారి వెతుకుతూ భాష పుట్టుక దాకా వెళ్లిన సందర్భం ఇది.

అక్కడి పండితులకు మరో చిక్కు ఎదురైంది. చదివించడానికి వచనం ఏది? తెలుగు సాహిత్యంలో అధికభాగం పద్యం. ఛందస్సు కోసం మాటల వరస మారిన పద్యం పట్టుకుని పద్దెనిమిదేళ్ల ఇంగ్లీషు కుర్రవాడు వాక్యం కట్టడం నేర్చుకోలేడు. దాంతో ఆ కాలేజీ పండితుడు రావిపాటి గురుమూర్తిశాస్త్రి విక్రమార్కుని కథలను వచనంలో రాశాడు. అది 1819 నాటి మాట. పంచతంత్రానికీ ఆయనే వచనం కూర్చాడు. వాడుక రూపాలు ధారాళంగా దొర్లే ఆ వచనాన్ని తరువాతి పండితులు చిన్నచూపు చూశారు. కానీ కథ చెప్పే తెలుగు వచనం అచ్చుపుస్తకంగా ఊపిరి పోసుకున్న తొలి చోట్లలో ఆ తరగతి గది ఒకటి.

ఇదే సమయంలో మద్రాసులో తెలుగు, తమిళ పిల్లలు ఇంగ్లీషు నేర్చుకునే తీరు ఎలా ఉండేది? వెన్నెలకంటి సుబ్బారావు దాన్ని దగ్గరనుంచి చూశాడు. ఒంగోలు ప్రాంతంలో 1784లో పుట్టి, ఎన్నో భాషలు సొంతం చేసుకుని, సదర్ అదాలత్‌లో అనువాదకుడిగా పనిచేసినవాడు. 1820లో మద్రాసు స్కూల్ బుక్ సొసైటీకి ఆయన ఇచ్చిన నివేదికలో బడుల దుస్థితి కనబడుతుంది. ఇంగ్లీషు చెప్పే పంతుళ్లకే వ్యాకరణం తెలియదనీ, పిల్లలు చదివేది వాళ్లకు అర్థం కావడం లేదనీ ఆయన బాధ. ఒకే ఊళ్లో, దాదాపు ఒకే ఏట, ఒక పక్క దొరలకు తెలుగూ మరో పక్క తెలుగు పిల్లలకు ఇంగ్లీషూ నేర్పుతున్నారు. రెండు చోట్లా కంఠస్థం ఉంది, అర్థం వెనకబడింది. దొరల చదువు కోసం ప్రభుత్వం ఒక కాలేజీ నడిపింది. పిల్లల చదువు అరకొర పంతుళ్ల పాలైంది. ఆ తేడా ఇవాళ చదువుతుంటే కూడా మనసు కలుక్కుమంటుంది.

బ్రౌన్ ఈ కాలేజీలోకి 1817లో వచ్చాడు. కలకత్తాలో 1798లో పుట్టిన ఈ మతబోధకుడి కొడుకుకు అప్పటికి తెలుగు అక్షరం రాదు. వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర ఓనమాలు దిద్దుకున్నాడు. 1820లో కడపలో ఉద్యోగం మొదలైంది. కాలేజీలో నేర్చిన తెలుగుకూ కడప కచేరీలో వినబడే తెలుగుకూ ఎంత దూరమో అక్కడికి వెళ్లిన ఏ సివిలియన్‌కైనా తెలిసివచ్చేది. బ్రౌన్ మిగతావాళ్లలా సర్దుకుపోలేదు. వేమన పద్యాలు వెతికి 1829లో అచ్చువేయించాడు. సొంత డబ్బుతో పండితులను పోషించి కావ్యాల ప్రతులు సరిచూయించాడు. తెలుగువాళ్లు ఆయనను ప్రధానంగా తలుచుకునేది ఈ గ్రంథోద్ధరణకూ నిఘంటువులకూ.

పాఠం చెప్పేవాడిగా బ్రౌన్ చేసిన పని అంతకన్నా తక్కువది కాదు. 1850ల తొలినాళ్లలో ఆయన వరసగా తెచ్చిన వాచకాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక స్పష్టమైన పద్ధతి కనిపిస్తుంది. తెలుగు రీడర్‌లో ఆయన పెట్టినవి ఉత్తరాలు. ఇళ్లకు రాసుకున్నవి, వ్యాపారం మీద రాసినవి, పోలీసు, రెవెన్యూ వ్యవహారాలకు సంబంధించినవి. ఆపైన తెలుగు, ఇంగ్లీషు సంభాషణల పుస్తకం వేరే. అనంతపురం పాలకుల చరిత్ర వేరే. కోర్టుల్లోనూ కచేరీల్లోనూ నలిగే పారశీ, హిందుస్తానీ మాటల కోసం మిశ్రభాషా నిఘంటువు వేరే. జమాబందీ, దస్తావేజు, వకీలు లాంటి మాటలు లేని తెలుగు రైతుకు ఎలా పనికిరాదో కలెక్టరుకూ అలాగే పనికిరాదు. శుద్ధమైన తెలుగు ఏదన్న ప్రశ్న పక్కనబెట్టి, ఈ మనిషికి రేపు పొద్దున ఏ కాగితం చేతికొస్తుంది, ఏ మాట చెవినపడుతుంది అని చూసుకుని బ్రౌన్ పాఠాలు ఎంచుకున్నాడు. నేర్చుకునేవాడి అవసరాన్ని బట్టి పాఠం కూర్చాలన్న సిద్ధాంతానికి ఇరవయ్యో శతాబ్దంలో పెద్ద పేరు వచ్చింది. బ్రౌన్ దానికి ఏ పేరూ పెట్టకుండానే అమలు చేశాడు.

వాటి చివర వచ్చినవి తాతాచార్ల కథలు. తాతాచార్యులు అనే పండితుడు కథలు చెప్పడంలో దిట్ట. ఆయన నోటితో చెప్పిన కథలు చెప్పినట్టే కాగితం మీదికి ఎక్కాయి. 1855లో, బ్రౌన్ ఇండియా వదిలివెళ్లిన ఏడే, పుస్తకంగా వచ్చాయి. వాటిలో వాక్యాలు పొట్టివి, క్రియలు నాలుక మీద ఆడేవి, చమత్కారం ఊరి అరుగు మీదిది. పండితుడు పండితుడిగా కాక మనిషిగా మాట్లాడితే తెలుగు ఎలా ఉంటుందో ఆ పేజీల్లో నిలిచిపోయింది.

విచిత్రమేమిటంటే, పరాయివాళ్లకు ఈ తెలుగు దొరుకుతున్న రోజుల్లోనే తెలుగు పిల్లలకు వేరొకటి దొరికింది. 1853లో నీతిచంద్రిక, తరువాత బాలవ్యాకరణం. చిన్నయసూరి ప్రతిభ అసామాన్యం. ఆయన సూత్రాల పొందిక చూసి ఇప్పటికీ వైయాకరణులు తలవంచుతారు. నీతిచంద్రిక వచనం సొగసులో దానికి అదే సాటి. కానీ బడి దాన్ని ఒక్క కవి శైలిగా కాక రాయవలసిన ఏకైక తెలుగుగా పట్టుకుంది. సరళాదేశాలూ ద్రుతసంధులూ అరసున్నలూ తప్పకుండా రాయాలి. ఏ ఊళ్లోనూ ఎవరూ మాట్లాడని ఆ తెలుగు, తెలుగు పిల్లలకే రెండో భాష అయింది. నేర్పే తీరు కూడా సంస్కృతం చదువుదే. పాఠం చదవడం, ప్రతిపదార్థం చెప్పడం, వ్యాకరణాంశాలు అప్పజెప్పడం.

బయటివాళ్ల వాచకాలు మాత్రం తమ దారిన తాము నడిచాయి. మచిలీపట్నంలో మిషనరీగా ఉన్న ఎ. హెచ్. ఆర్డెన్ 1873లో తెచ్చిన తెలుగు వ్యాకరణం ఆ తరువాత తరాల మిషనరీలకూ అధికార్లకూ చేతిపుస్తకమైంది. జనం మాట్లాడే భాష, గ్రంథాల భాష అని రెండు ఉన్నాయని ఆర్డెన్ విడదీసి చెప్పాడు. కొత్తవాడు మొదటిది పట్టుకోవాలి.

అప్పటికి యూరప్‌లోనూ ఇదే రగడ మొదలైంది. జర్మనీ హైస్కూళ్లలో లాటిన్, గ్రీకు నేర్పే పద్ధతినే ఫ్రెంచికీ ఇంగ్లీషుకీ వర్తింపజేస్తూ వచ్చారు. సూత్రం కంఠస్థం, విడివిడి వాక్యాల అనువాదం, మాట్లాడడం సున్నా. 1882లో విల్హెల్మ్ ఫియెటర్ మారుపేరుతో ఒక కరపత్రం వేసి, భాషాబోధన వెనక్కి తిరగాలని గర్జించాడు. మాటే మొదలు, ఉచ్చారణే పునాది అన్నాడు. నాలుగేళ్లకు అంతర్జాతీయ ధ్వనిశాస్త్ర సంఘం ఏర్పడింది. ఇంగ్లండులో హెన్రీ స్వీట్ 1899లో, డెన్మార్క్‌లో ఒట్టో యెస్పర్సన్ 1904 ప్రాంతంలో ఈ వాదానికి శాస్త్రం జోడించారు. అమెరికాలో 1878లో మొదలైన బెర్లిట్జ్ బడుల వెనక కథ మరీ ముచ్చటైనది. జబ్బుపడిన బెర్లిట్జ్ తన స్థానంలో ఒక ఫ్రెంచి సహాయకుణ్ణి పెట్టుకున్నాడట, ఆ వచ్చినవాడికి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదట. కొన్ని వారాలకు లేచి వచ్చి చూస్తే పిల్లలు ఫ్రెంచిలో కబుర్లాడుతున్నారట. ఆ సంస్థ చెప్పుకునే ఈ కథలో అతిశయం ఎంతైనా ఉండనీ, తల్లిభాషలోకి తర్జుమా చేయకుండా నేర్పే పద్ధతి అక్కడినుంచి ఊళ్లూళ్లూ పాకింది.

ఆ గాలి విజయనగరం, పర్లాకిమిడి దాకా వీచింది. పర్లాకిమిడి రాజావారి బడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి స్వీట్, యెస్పర్సన్ రచనలు చదివారు. అంతకన్నా ముఖ్యంగా ఆయన తానే ఒక భాషను మొదటి అక్షరం నుంచి నేర్చుకున్నారు. పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండల్లో సవరలు ఉండేవారు. సవర భాషకు లిపి లేదు, వ్యాకరణం లేదు, వల్లె వేయడానికి పట్టిక లేదు. రెండు భాషలూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లో పెట్టుకుని, విని, పలికి, రాసుకుని నేర్చుకోవడం తప్ప మార్గం లేదు. నోటి మాటకు వ్యాకరణం లేదనే వాదం ఎంత పొల్లో ఆయనకు అక్కడే బోధపడి ఉండాలి. లిపే లేని సవరలో కూడా నియమాలు తూచా తప్పకుండా నడుస్తున్నాయి. కొండల్లో తిరుగుతూ మన్యపు జ్వరానికి వాడిన క్వినైన్ ఆయన చెవులను దెబ్బతీసింది. చెవితో భాష నేర్చిన మనిషి ఇచ్చుకున్న మూల్యం అది. అయినా ఆగలేదు. తెలుగు లిపిలో సవర వాచకాలు రాసి, సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు నడిపారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమన్నారు. 1931లో ఆయన సవర వ్యాకరణం వెలువడింది.

1907లో ఉత్తర జిల్లాలకు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా జె. ఎ. యేట్స్ వచ్చాడు. తరగతి గదుల్లో తెలుగు పాఠాలు చెప్పే తీరు ఆయనకు అంతుబట్టలేదు. పంతులు పుస్తకంలో ఉన్న తెలుగును మరో తెలుగులోకి మార్చి చెబుతున్నాడు. పిల్లవాడి పుస్తకానికీ పిల్లవాడి నోటికీ పొంతన లేదెందుకని యేట్స్ అడిగాడు. తెలుగులో పుట్టి పెరిగినవాళ్లకు ఆ ప్రశ్న తట్టడం కష్టం, చిన్ననాటి నుంచి అలవాటైపోయింది కాబట్టి. ఆయన అడిగింది విశాఖపట్నం ఎ. వి. ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి. టి. శ్రీనివాస అయ్యంగారిని. అయ్యంగారి తల్లిభాష కూడా తెలుగు కాదు, తమిళం. గిడుగునూ గురజాడ అప్పారావునూ అడగమని అయ్యంగారు దారి చూపించారు. అయ్యంగారే 1909లో వాడుకభాషను సమర్థిస్తూ ఇంగ్లీషులో ఒక పుస్తకం రాశారు. వ్యావహారిక భాషోద్యమానికి తొలి నలుగురు వీళ్లు. నలుగురిలో ఇద్దరికి తెలుగు రెండో భాష, మూడో ఆయన సవరను రెండో భాషగా సాధించినవాడు, నాలుగో ఆయన ఇంగ్లీషులోనూ కవిత్వం రాసినవాడు. అటు ఉత్తర్వు వచ్చేనాటికి, చూపడానికి బ్రౌన్ దాచిన కథలు సిద్ధంగా ఉన్నాయి.

జయంతి రామయ్య పంతులు నాయకత్వంలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఎదురు నిలిచింది. గిడుగు ఊరూరా తిరిగి, గ్రాంథికాన్ని సమర్థించే పండితుల రాతల్లోంచే తప్పులు ఏరి చూపించారు. పుట్టుకతో రాని భాషలో ఎంతటివాడైనా జారతాడన్నది, భాష నేర్పే పంతులుగా ఆయనకు ప్రతిరోజూ కనబడిన సత్యం.

ఆపై కాలంలో పద్ధతులు త్వరత్వరగా మారాయి. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా తన సైనికులకు విదేశీ భాషలు గబగబా నేర్పాల్సి వచ్చి, మాతృభాషీయుణ్ణి ఎదుట కూర్చోబెట్టి వాక్యాలు పదేపదే పలికించే పద్ధతి పట్టుకుంది. ఆ ఒరవడిలోనే 1963లో లీ లిస్కర్ మాట్లాడే తెలుగుకు న్యూయార్క్ నుంచి ఒక వాచకం తెచ్చాడు. 1968లో భద్రిరాజు కృష్ణమూర్తి, పి. శివానందశర్మ ఆధునిక తెలుగుకు పాఠ్యక్రమం కూర్చారు. ఐసీఎస్ అధికారిగా వచ్చి తెలుగుతో ముడిపడిపోయిన జె. పి. ఎల్. గ్విన్‌తో కలిసి కృష్ణమూర్తి 1985లో రాసిన వ్యాకరణంలో ఉన్నది చదువుకున్నవాళ్లు రోజూ వాడే తెలుగు. బ్రౌన్ వరసలో గ్విన్ చివరివాడు అనుకోవచ్చు.

ఇంగ్లీషు బోధనకు హైదరాబాద్‌లో 1958లో కేంద్ర సంస్థ వెలసింది. ఇప్పటి ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయానికి (ఇఫ్లూ) అదే మూలం. వాక్య నిర్మాణాలను ఒకదాని తరువాత ఒకటి దిద్దించే పద్ధతి ఆ రోజుల్లో రాజ్యమేలింది. దాన్ని ఎన్. ఎస్. ప్రభు 1979 నుంచి 1984 దాకా బెంగళూరు, మద్రాసు ప్రాంతాల మామూలు బడుల్లో ప్రశ్నించి చూపించారు. రైలు టైంటేబులు, ఊరి పటం, లెక్కలాంటి పనులు పిల్లల ముందు పెట్టి, వాటిని తేల్చే క్రమంలో ఇంగ్లీషు వచ్చేలా చేశారు. వ్యాకరణపాఠం ఊసే లేదు. ప్రపంచమంతా పాఠ్యాంశంగా చదివే ఈ ప్రయోగం ఖరీదైన బడుల్లో జరగలేదన్నది గుర్తుంచుకోవాలి.

తెలుగును రెండో భాషగా నేర్చుకునేవాళ్లు ఇప్పుడు కచేరీ దొరలు కారు. కాలిఫోర్నియాలో 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి తరగతుల్లో కూర్చునే పిల్లలకు ఇంట్లో తెలుగు వినబడుతుంది, చదవడం రాదు. హైదరాబాద్ బడుల్లో హిందీ, ఉర్దూ, మరాఠీ, గుజరాతీ ఇళ్ల పిల్లలున్నారు. తెలంగాణ 2018 చట్టంతో తెలుగును అన్ని బడుల్లో తప్పనిసరి చేశాక పాత చిక్కే తిరిగి వచ్చింది. తెలుగు పిల్లల కోసం రాసిన వాచకం ఈ ఇతర భాషల ఇళ్ల పిల్లలకు కొరుకుడు పడలేదు. దాంతో సీబీఎస్ఈ తదితర బోర్డుల తొమ్మిదో తరగతిలో ‘సింగిడి’కి బదులు ‘వెన్నెల’ అనే సరళమైన వాచకాన్ని 2025-26 నుంచి పెట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది. పదో తరగతికి ఆ మరుసటి ఏడాది.